పన్నెండో డబ్బా

పదకొండో డబ్బా డ్రమ్ములో పడ్డాక కొలతాయన చేయి ఒక్క క్షణం ఆగింది. తరవాత మళ్ళీ బస్తాలోకి వెళ్ళింది.

"ఇంకోటా?" అంది మరదలు. వాల్వులు తిప్పే పొడుగాటి ఇనప తాళాన్ని భుజాన వేసుకుని గుమ్మం దగ్గర నిలబడి ఉంది.

పన్నెండో డబ్బా అంచును వేలితో సమంగా గీసి గుళికలను నీళ్ళలోకి వదిలాడు. అవి సన్నగా చిటచిటలాడుతూ అడుక్కి జారాయి. కర్ర తీసుకుని తిప్పసాగాడు. తిప్పేకొద్దీ డ్రమ్ము చల్లబడింది. ఆ ఎరువు గుణమే అంత. మండే ఎండలో కలిపినా డ్రమ్ముకు బయట చెమట పడుతుంది. అరచేయి ఆనించి ఎంత కరిగిందో, ఇంకెంత కరగాలో చెప్పగలడు. ఇరవై రెండేళ్ళుగా చెబుతున్నాడు. అందుకే ఆ పూలతోటలో అతనికి కొలతాయన అని పేరు పడింది. అసలు పేరు హాజరు పుస్తకంలో ఎక్కడో ఉంది.

"లెక్క ఎనిమిదే కదా బావా?"

"కడుపు నిండిన వాటికి ఎనిమిది. మూడో షెడ్డు ఇంకా పాలిపోయే ఉంది."

"పాలిపోవడమా? నా కంటికి నల్లగా నిగనిగలాడుతోంది."

"నీ కన్ను వాల్వు మీద ఉంటే చాలు."

అనేశాక నాలిక కరుచుకున్నాడు. మిగతా రోజుల్లో అయితే ఆమె దానికి రెండింతలు తిరిగి అనేది. ఇవాళ తాళాన్ని ఒక భుజం మీంచి ఇంకో భుజం మీదికి మార్చుకుని, "సరే, వదలనా?" అంది అంతే.

తోటలో మూడు షెడ్లు. పైన పాలిథిన్ కప్పు, పక్కలకి తెల్ల వల. లోపల జానెడెత్తు మడుల్లో వరసలు వరసలుగా లిల్లీలు. పట్నంలో గాజు కూజాల్లో పెట్టుకునే పెద్ద పూల రకం. మొదటి షెడ్డులో కోత నడుస్తోంది. కింది మొగ్గకి రంగు తిరగగానే కాడ కోసి బకెట్లో నిలబెట్టాలి. దానికి మేత, అంటే ఎరువు నీళ్ళు, ఆపేసి చాలా రోజులైంది. రెండో షెడ్డులో దుంపలు నాటి పది రోజులే. మూడు వారాలదాకా దుంప తన ఒంట్లోది తానే తిని బతుకుతుంది, దానికీ మేత అక్కర్లేదు. ఇప్పుడు తినేదల్లా మూడో షెడ్డు. ఎనిమిది వేల కాడలు. మోకాళ్ళు దాటి నడుము దాకా వచ్చాయి. నడినెత్తిన ఆకుల మధ్య మొగ్గలు గోరంత గోరంతగా తొంగి చూస్తున్నాయి. ఆకుల కొసలు మాత్రం మాడుతున్నాయి. మూడు వారాల కింద పది పన్నెండు కాడలకి మొదలైంది. ఇప్పుడు ఏ మడి చూసినా అంచు కాలిన కాగితాల్లా ఉన్నాయి.

పోయిన వారం ఓనరమ్మ వచ్చి మడుల మధ్య నడిచింది. ఒక ఆకు తుంచి అతని ముందు పెట్టి, ఎందుకిలా అని అడిగింది. అతను తనకు తెలిసిందే చెప్పాడు. "నీళ్ళు సరిగ్గా అందకపోతే కొసలు మాడతాయమ్మా." ఎవరి పేరూ చెప్పలేదు. చెప్పనక్కర్లేదు కూడా. ఆ తోటలో వాల్వులు తిప్పేది ఒక్కతే.

నిన్న సాయంత్రం ఓనరమ్మ ఫోన్ చేసింది. రేపు నాలుగింటికి వ్యాన్‌తో తనే వస్తానంది. వాల్వులకి వేరే మనిషిని వెంట తీసుకొస్తున్నానంది. "ఆమెకి రేపటితో సరి. నువ్వే చెప్పు. మీ ఇంటి మనిషేగా."

అతను భార్యకు చెప్పాడు. భార్య నాలుగిళ్ళ అవతల ఉన్న చెల్లెలికి చెప్పి వచ్చి, పొయ్యి దగ్గర కూర్చుని, పొద్దుపోయేదాకా వెనక్కి తిరిగి చూడలేదు. పొద్దున బయల్దేరేటప్పుడు మాత్రం ఒక మాటంది. "దానికి మొగుడు పోయి ఆరేళ్ళు. ఆ తాళం తప్ప దాని చేతిలో ఇంకేం లేదు. నీకు తెలీదా?" అతను చొక్కా తొడుక్కుంటూ, తెల్ల చొక్కా పసుపెక్కిపోయింది, సబ్బు పెట్టడం లేదా అని విసుక్కున్నాడు. ఏదో ఒకటి అనాలి కాబట్టి అన్నాడు. భార్య చొక్కా వైపు చూసింది, అతని వైపు చూసింది. "రెండు నెలల్నుంచి ఇదే పాట. పాలు చూసి పసుపంటావు, గోడ చూసి పసుపంటావు. నీ నోట్లోనే ఏదో ఉంది" అని లోపలికి వెళ్ళిపోయింది.

మరదలు మూడో షెడ్డు వాల్వు తిప్పింది. గొట్టాల్లో గాలి గుర్రుమంది, తరవాత సద్దుమణిగింది. పన్నెండు డబ్బాల మేత మడుల్లోకి చుక్కచుక్కగా దిగడం మొదలైంది.

*

ఆకు చూడడం అతని విద్య. ఆ విద్య మీదే తోట నడుస్తోంది.

ముప్పై నాలుగేళ్ళ వయసులో, ఇటుకల బట్టీ మూతపడితే ఇక్కడికి వచ్చాడు. అప్పుడు మేత కలిపే ముసలాయన ఒకడుండేవాడు. పెద్దగా మాట్లాడేవాడు కాదు. పొద్దున్నే ప్రతి షెడ్డులో ఒక ఆకు తుంచి, వెలుతురుకి ఎదురుగా పట్టి, ఎడమ కన్ను మూసి కుడి కన్నుతో ఆకుని అటూ ఇటూ తిప్పి చూసేవాడు. కంసాలి రాయిని చూసినట్టు. "లేత పచ్చ ఆకలి. నడిమి పచ్చ ఆరోగ్యం. నల్ల పచ్చ అజీర్తి." అతను చెప్పిన పాఠం మొత్తం అంతే. ఇంకొకటి కూడా చెప్పేవాడు, కాలవలోకి కారిన నీళ్ళు నాలిక మీద వేసుకుని చూడమని. ఉప్పగా ఉంటే మేత ఎక్కువైనట్టు. మొదట్లో కొలతాయన అదీ చేసేవాడు. నాలిక పగిలేది. ముసలాయనలాగే ఎడమది మూసి కుడి కన్నుతో చూడడం కుదిరాక నాలిక సంగతి వదిలేశాడు.

ఉప్పు చూసే కలం ఒకటి ఆఫీసు సొరుగులో ఉండేది. నీళ్ళలో ముంచితే అంకె చూపేది. దాని లోపలి బ్యాటరీ చచ్చిపోయి నాలుగేళ్ళు. కొత్తది వేద్దామని ఎవరికీ తోచలేదు. "నువ్వుండగా అదెందుకు" అంది ఓనరమ్మ ఒకసారి. ఇరవై రెండేళ్ళలో అతను విన్న మెచ్చుకోలు అదొక్కటే. ఇంకొకటి ఉండాల్సింది. ఎవరో పెద్ద పూల వ్యాపారి వచ్చి, ఒక్కో కాడకి ఏడేసి మొగ్గలు చూసి, వీటికి మేత పెట్టిందెవరు అని అడిగాడు. కొలతాయన డ్రమ్ము వెనకాలే ఉన్నాడు. రెండడుగులు ముందుకి వేస్తే చాలు. వేయలేదు. వ్యాపారి వెళ్ళిపోయాడు. అది తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి, ముందుకి వెళ్ళనందుకో, వెళ్ళాలనిపించినందుకో తెలీదు.

తొమ్మిదింటికి రెండో డ్రమ్ము మొదలుపెట్టాడు. ఇందులో వేసేది వేరే ఎరువు, పిండిలాంటి తెల్ల పొడి. రెండూ ఒకే డ్రమ్ములో పడితే సున్నంలా పేరుకుని గొట్టాలన్నీ మూసుకుపోతాయి. అందుకే విడివిడిగా. బస్తా అడుక్కి వచ్చింది. మూలలు పట్టుకుని దులిపాడు. పొడి ఒక్కసారిగా పైకి లేచి కుడి కంట్లో కొట్టింది.

"అబ్బా!"

మరదలు పరిగెత్తుకొచ్చింది. "ముట్టకు! నులమకు! చెప్తుంటే వినవేం?" చేయి పట్టి కుళాయి దగ్గరికి లాక్కెళ్ళింది. తల వంచి, రెండు వేళ్ళతో రెప్పలు విడదీసి నీళ్ళు ధారగా వదిలింది. "చిన్నపిల్లాడిలా ఎగరకు. కదలకుండా ఉండు. ఊఁ. అయిపోయింది."

"మండుతోంది."

"మండకేం చేస్తుంది? మొక్కలకి పెట్టేది మొహానికి పెట్టుకుంటే? అదీ పాలిపోయినట్టు కనిపించిందా?"

ఆమె నవ్వబోయి ఆగింది. తల తుడుచుకునే తుండు తడిపి మడత పెట్టి అతని కంటి మీద ఆనించింది. "కాసేపు మూసి ఉంచు" అని వాల్వుల దగ్గరికి వెళ్ళిపోయింది. ఆఖరి రోజు కూడా ఆమె ఏ పనీ ఎగ్గొట్టడం లేదు. పొద్దున్నుంచీ అతను అది గమనిస్తూనే ఉన్నాడు. గొట్టాల చివర బిరడాలు విప్పి కడిగింది. కారుతున్న ఒక చోట గుడ్డ చుట్టింది.

కుడి కంటిమీద తుండు పట్టుకుని అతను మూడో షెడ్డులోకి వెళ్ళాడు. లోపల వేడిగా, తడిమట్టి వాసనగా ఉంది. అలవాటు కొద్దీ ఒక ఆకు తుంచి వెలుతురుకి పట్టాడు. చూడ్డానికి ఇప్పుడు ఎడమ కన్నే ఉంది.

ఆకు నల్లగా ఉంది.

నీడ పడిందేమో అనుకుని పక్కకి జరిగాడు. నల్లపచ్చ. ఈనెల మధ్య కూడా వెలుతురు దూరనంత చిక్కని నల్లపచ్చ. ఇంకో మడిలో ఇంకో ఆకు తుంచాడు. అదీ అంతే. అవతలి వరసలో, చివరి మడిలో, నడుమ కాడలో. అన్నీ అంతే. చేతిలో ఆరేడు ఆకులు చేరాయి.

తుండు తీశాడు. ఎడమ కన్ను మూసి, మండుతున్న కుడి కన్ను తెరిచాడు.

అవే ఆకులు. లేతగా, పసుపు బారి, జబ్బు మనిషిలా ఉన్నాయి.

మళ్ళీ ఎడమ. నలుపు. మళ్ళీ కుడి. పసుపు. తలెత్తి పాలిథిన్ కప్పుని చూశాడు. ఎడమ కంటికి తెల్లగా ఉంది. కుడి కంటికి ఎవరో దాని మీద టీ ఒలకబోసినట్టు ఉంది. తన చొక్కా చేతిని చూశాడు. అది తెల్లగా, ఉతికి ఆరేసిన బట్ట ఎంత తెల్లగా ఉండాలో అంత తెల్లగా ఉంది.

మడి అంచు మీద కూర్చుండిపోయాడు.

కాళ్ళ దగ్గర కాలవలో నీళ్ళు సన్నగా కదులుతున్నాయి. వేలు ముంచి నాలికకి రాసుకున్నాడు. ఉప్పు. ఉప్పు వెనక చేదు. వేపుడు మాడితే వచ్చే చేదు. ఎన్నేళ్ళయిందో ఈ పని చేసి. ఎనిమిదికి ఒకటి కలిపి తొమ్మిది, తొమ్మిదికి ఒకటి కలిపి పది. పాలిపోయింది, ఇంకా పాలిపోయిందని తాను ఒక్కో డబ్బా పెంచుతూ పోయాడు. మాడిన ప్రతి కొసకీ తన చేయే కారణం. నీళ్ళు సరిగ్గానే పోయాయి. ఆమె రోజూ సరిగ్గానే వదిలింది.

షెడ్డులో ఎవరూ లేరు. ఆకులన్నీ నలిపి మడి కిందికి విసిరేశాడు.

*

అక్కణ్ణుంచి లేచేసరికి ఒక దారి అతనికి స్పష్టంగా కనిపించింది. ఎంత స్పష్టంగా అంటే, దాన్ని వెతకాల్సిన పనే లేకపోయింది.

ఎవరికీ తెలీదు. రేపట్నుంచి ఎడమ కన్నుతో చూస్తాడు. మేత ఆపి ఉత్త నీళ్ళు వదిలితే నాలుగైదు రోజుల్లో మట్టిలోని ఉప్పు కడుక్కుపోతుంది. సగం మొగ్గలు దక్కుతాయి. కొత్త మనిషి రాగానే కొసలు మాడడం ఆగింది అనుకుంటారు. ఆగినందుకు ఆ కొత్త మనిషిని మెచ్చుకుంటారు కూడా. తన డ్రమ్ములు తనకుంటాయి. యాభై ఆరేళ్ళు. ఈ వయసులో ఇంకెక్కడ ఎవరు డ్రమ్ము ముట్టనిస్తారు? కొడుకు లారీ మీద ఊళ్ళు తిరుగుతుంటాడు, వాడి సంపాదన వాడి పొట్టకే చాలదు. కన్ను పోయిన కొలతాయన ఏం కొలుస్తాడు?

మరదలు మాత్రం సాయంత్రం తాళం అప్పగించి వెళ్ళిపోతుంది.

బయటికొచ్చి ఆమెను కేకేశాడు. "పిల్లా! మేత కట్టెయ్. ఉత్త నీళ్ళు వదులు మూడో షెడ్డుకి. పూర్తిగా తిప్పు."

ఆమెకి నలభై నాలుగేళ్ళు. అతని పెళ్ళినాటికి పదేళ్ళు. ఆ పిలుపు అప్పట్నుంచి మారలేదు.

"ఇందాకేగా మేత వదిలావు?"

"కట్టెయ్యమన్నా."

"ఎంతసేపు?"

"నేను ఆపమనే దాకా. కాలవ నిండా పారాలి."

ఆమె అతన్ని పైనుంచి కిందిదాకా చూసింది. "పోయిన వారం నీళ్ళు చాల్లేదన్నావుగా. ఇవాళ వరద కావాలా?"

"మేత ఎక్కువైంది."

"ఎక్కువెవరేశారు?"

అతను గొట్టం వైపు తిరిగి దానికి ఏదో తగులుకున్నట్టు వంగి చూశాడు. వెనక ఆమె కదల్లేదు. కాసేపటికి ఇనప తాళం వాల్వు మీద పడిన చప్పుడు వినిపించింది. నీళ్ళు పారాయి.

పదకొండున్నరకి కాలవ నీళ్ళు నాలికకి ఇంకా ఉప్పగానే ఉన్నాయి. పన్నెండున్నరకి కాస్త తగ్గింది. అతను గంటకి నాలుగుసార్లు వెళ్ళి వేలు ముంచి చూశాడు. ప్రతిసారీ తిరిగి వస్తూ ఆఫీసు గోడ మీది గడియారం చూశాడు. ఎడమ కన్నుతో ఒకసారి, కుడి కన్నుతో ఒకసారి. టైము మాత్రం రెంటికీ ఒకటే చూపించింది.

ఒంటిగంటకి బోర్లించిన దుంపల పెట్టెల మీద కూర్చుని ఇద్దరూ క్యారేజీలు విప్పారు. రోజూ కూర్చునే చోటే. రెండు క్యారేజీలూ భార్య కట్టినవే. మరదలు తినలేదు. మూత మీద వేలితో గీతలు గీస్తూ కూర్చుంది.

"సాయంత్రం నీతో పాటు రాను బావా. ముందే పోతా. అక్కకి చెప్పు."

"ఎక్కడికి పోతావు?"

"ఎక్కడికి పోతాను, ఇంటికే. రేపు పొద్దున ఎక్కడికి పోవాలో అది తెలీదు గానీ, ఇవాళ్టికి ఇంటికే." మూత మీద గీసే వేలు ఆపింది. "దుంపలు దిగే గోదాంలో అడుగుదామనుకుంటున్నా. ఎందుకు మాన్పించారని అడుగుతారు కదా. ఏం చెప్పాలి? నీళ్ళు వదలడం రాలేదని చెప్పనా? నీళ్ళు వదలడం కూడా రాని దానికి ఇంకేం వస్తుందంటారు."

అతను ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

"ఒక్కటి అడుగుతా, నిజం చెప్పు. నేను నిజంగా తక్కువ వదిలానా? ఎప్పుడైనా ఒక్క వరస ఎండి కనిపించిందా నీకు?"

"తిను. చల్లారిపోతుంది."

"అదీ సంగతి" అంది ఆమె. తరవాత ఎందుకో నవ్వింది. కోపం పోయి వచ్చే నవ్వు కాదు, కోపం అలిసిపోయి వచ్చే నవ్వు. "మొదటిసారి మా ఇంటికొచ్చినప్పుడు గుర్తుందా? నన్ను చూసి, ఈ బొగ్గుముక్క ఎవరిదీ అన్నావు. మా నాన్న మొహం మాడిపోయింది. నేనేమో లోపలికి పరిగెత్తి అద్దం చూసుకున్నా. అంత నలుపేం లేను. ఆ రోజే అక్కతో చెప్పా, ఈయన కన్ను సరిగ్గా లేదే, చేసుకోకు అని."

అతనికి పొలమారింది. దగ్గి దగ్గి కళ్ళలో నీళ్ళొచ్చాయి. ఆమె నీళ్ళ సీసా అందించి వీపు మీద చరిచింది. "నిదానం. ఇంకో కన్ను కూడా పోగొట్టుకునేలా ఉన్నావు."

ఇంకో కన్ను అన్న మాట అతని లోపల ఎక్కడో ఆగిపోయింది. సీసా దించి ఆమె వైపు చూశాడు. ఆమె తన క్యారేజీ మూత పెట్టేస్తోంది. ముఖంలో ఏమీ లేదు. మామూలుగానే అంది.

*

మూడింటికి కాలవ నీళ్ళలో ఉప్పు దాదాపు లేదు. చేదు కొంచెం మిగిలింది. అతను మొదటి షెడ్డులోకి వెళ్ళాడు. అక్కడి కోత వాళ్ళు బకెట్లు మోసుకుపోతున్నారు. కోయని వరసలో ఒక ఆకు తుంచాడు. తరవాత మూడో షెడ్డులో ఒకటి తుంచాడు. చొక్కా జేబులో పెట్టుకుని, తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు.

ఏం చెప్పాలో నాలుగు రకాలుగా అనుకున్నాడు. కంట్లో ఏదో పడిందమ్మా. కాదు, అది ఇవాళ్టి మాట. పొరబాటు జరిగిందమ్మా. ఎవరిదని అడుగుతుంది. ప్రతి మాటా నోటి దాకా వచ్చి అక్కడ కూర్చునేది. జీవితంలో అతను నాలుగు ముక్కలు వరసగా మాట్లాడిన సందర్భాలు తక్కువ. ఒక్కో డబ్బా కొలిచినట్టు మాటని కూడా కొలిచే మనిషి. ఇవాళ కొలత కుదరడం లేదు.

చెప్పకపోతే? అంటే ఏమీ కాదు. అదే భయంగా ఉంది. ఏమీ కాదు.

నాలుగుకి ఐదు నిమిషాలుండగా వ్యాన్ లోపలికి వచ్చింది. డ్రైవరు దిగి వెనక తలుపులు బార్లా తీశాడు. "ఏం మావా, కన్ను అలా ఎర్రగా ఉంది, ఇంట్లో అత్తయ్య తన్నిందా?" అని పలకరించి బకెట్ల వైపు పోయాడు. ముందు సీట్లో కొత్త మనిషి, ఒళ్ళో సంచీ పెట్టుకుని, దిగాలా వద్దా అన్నట్టు కూర్చున్నాడు. పాతికేళ్ళుంటాయి. ఓనరమ్మ దిగింది. చేతిలో పుస్తకం, నెత్తి మీదికి ఎత్తిన నల్లకళ్ళద్దాలు.

"ఎక్కడామె?"

మరదలు అప్పటికే వచ్చి నిలబడింది. మొహం కడుక్కుని, చేతిలో ఇనప తాళం పట్టుకుని. తాళాన్ని రెండు చేతులతో ముందుకి చాచింది.

"ఒక్క నిమిషం అమ్మా" అన్నాడు కొలతాయన.

"నీతో తరవాత మాట్లాడతా."

"ఒక్క నిమిషం."

జేబులోంచి రెండు ఆకులు తీసి డ్రమ్ము మూత మీద పక్కపక్కన పెట్టాడు. ఒక ఆకు కొస గాలికి లేచింది, వేలితో నొక్కాడు.

"వీటిలో ఏది చిక్కటి పచ్చ?"

"ఇదేం పరీక్ష?"

"చెప్పండమ్మా."

ఓనరమ్మ వంగి చూసింది. "ఇది. కుడిది. ఇది దాదాపు నలుపు. ఎడమది మామూలుగా ఉంది. అయితే?"

కొలతాయన అరచేత్తో ఎడమ కన్ను మూసుకున్నాడు. అలా మూసుకునే ఆకుల మీదికి వంగాడు. చాలాసేపు చూశాడు. డ్రైవరు బకెట్ పట్టుకుని ఆగిపోయాడు.

"నాకు రెండూ పాలిపోయే ఉన్నాయి" అన్నాడు.

మూడో షెడ్డులోంచి నీళ్ళు కాలవలోకి పడుతున్న చప్పుడొక్కటే ఉంది.

"ఎప్పట్నుంచి?" అంది ఓనరమ్మ. గొంతు తగ్గింది.

"నాకు తెలిసింది ఇవాళ పొద్దున. మొక్కలకి తెలిసి మూడు వారాలు." ఊపిరి తీసుకున్నాడు. "నీళ్ళు సరిగ్గానే పోయాయమ్మా. ఒక్క రోజు తక్కువ కాలేదు. మేత నేను ఎక్కువ పోశా. ఇవాళ పొద్దున పన్నెండు డబ్బాలు పోశా. ఎనిమిది పోయాల్సిన చోట. ఇది వద్దనే చెప్పింది. నేనే నోరు మూయించా."

మరదలు చేతుల్లోని తాళం కొంచెం కిందికి దిగింది. ఆమె అతని వైపు చూడలేదు. కళ్ళు నేల మీదే ఉన్నాయి. దవడ మాత్రం ఒకసారి బిగిసింది.

"ఎనిమిది వేల కాడలు" అంది ఓనరమ్మ.

"పొద్దున్నుంచీ కడుగుతున్నాం. సగం దక్కుతాయి. ఇంకా నాలుగు రోజులు ఉత్త నీళ్ళే."

ఓనరమ్మ పుస్తకం తెరిచి, ఏమీ రాయకుండా మూసింది. షెడ్డులోకి వెళ్ళి ఒక వరస చివరిదాకా నడిచి తిరిగొచ్చింది. వ్యాన్‌లో కూర్చున్న కొత్త మనిషిని చూసింది. అతను సంచీ మరింత దగ్గరికి లాక్కున్నాడు.

"రేపట్నుంచి ఎవరు కలుపుతారు?"

"ఇది కలుపుతుంది" అన్నాడు కొలతాయన. "పదేళ్ళుగా పక్కనే ఉండి చూస్తోంది. రెండు కళ్ళూ ఉన్నాయి. నాలిక గురించి చెప్పనక్కర్లేదు. ఆ అబ్బాయిని వాల్వులకి పెట్టుకోండి."

డ్రైవరు నవ్వబోయి దగ్గాడు.

ఓనరమ్మ చాలాసేపు ఆలోచించింది. చివరికి, "కన్ను చూపించుకో" అంది. "పొర కమ్మి ఉంటుంది. కోయించుకుంటే చూపు వచ్చేస్తుంది. మా అత్తగారికీ వచ్చింది. అందాకా ఆమే కలుపుతుంది. నయం చేయించుకున్నాక చూద్దాం."

చూద్దాం అనే మాట అతను ఇరవై రెండేళ్ళుగా ఆ గుమ్మంలో వింటున్నాడు. అరువుకి పూలడిగిన వాళ్ళతో, పని కోసం వచ్చిన వాళ్ళతో. దాని అర్థం అతనికి తెలుసు. ఓనరమ్మకి కూడా తెలుసు. తల ఊపాడు.

*

కొత్త మనిషిని దింపి వ్యాన్ వెళ్ళాక అతను చేతులు కడుక్కున్నాడు. గోళ్ళ సందుల్లో తెల్లటి పొడి ఎంత కడిగినా పోదు, దాన్ని వదిలేశాడు. క్యారేజీ సంచీలో పెట్టుకున్నాడు. అక్కడ అతని వస్తువంటూ ఇంకేం లేదు. డబ్బా తోటది, కర్ర తోటది.

మరదలు మూడో షెడ్డు గుమ్మం దగ్గర కొత్తబ్బాయికి వాల్వు చూపిస్తోంది. "అలా గుంజకు, అదేం నీ పగవాడు కాదు. మెల్లగా. చప్పుడు విను. గాలి పోయిందా? ఇప్పుడు తిప్పు." అతను దగ్గరికి వెళ్ళాడు. ఆమె అబ్బాయిని లోపలికి పంపి నిలబడింది.

"నాలుగు రోజులు ఉత్త నీళ్ళు" అన్నాడు. "ఐదో రోజు నాలుగు డబ్బాలు. వారం పోయాక ఆకు చూసి ఎనిమిది. ముందు నాలిక, తరవాత కన్ను. రెండు కళ్ళతో చూడు. ఒకటి మూయకు."

"ఊఁ."

"రెండూ ఒకే డ్రమ్ములో వేయకు."

"తెలుసు బావా."

"తెలుసనుకో. చెప్పాలి కదా."

ఆమె ఏదో అనబోయింది. పోయిన వారం సంగతి గొంతులోనే ఉంది, అది అతనికి కనిపించింది. మూడు వారాలు, పోయిన రాత్రి, గోదాంలో ఏం చెప్పాలో కూడబలుక్కున్న మాటలు, అన్నీ ఆమె ముఖం మీదికి వచ్చాయి. అతను దేనికైనా సిద్ధంగానే నిలబడ్డాడు.

"రేపు ఏం చేస్తావు?" అంది.

"ఆసుపత్రి. మీ అక్క తీసుకెళుతుందిలే."

"తిట్టుకుంటూ తీసుకెళుతుంది."

"తిట్టుకుంటూనే."

లోపల అబ్బాయి, నీళ్ళు మడి అంచు మీదికి పొంగుతున్నాయని కేకేశాడు. ఆమె తాళం అందుకుని పరిగెత్తింది. తిరిగి వచ్చి చూసేసరికి గుమ్మం దగ్గర ఎవరూ లేరు. బాట మీద, కొంత దూరంలో, తెల్ల చొక్కా ఒకటి గోడ మలుపు తిరుగుతోంది. కేకేస్తే వినిపించేంత దూరమే. ఆమె కేకేయలేదు.

షెడ్లకి వలలు దించింది. కుళాయి కట్టింది. కాలవలో వేలు ముంచి నాలికకి రాసుకుని ఉమ్మేసింది. చేదు ఇంకా కొంచెం ఉంది. డ్రమ్ముల దగ్గరికి వచ్చి, రేపటికి నీళ్ళు పట్టి ఉంచుదామని మూత ఎత్తబోయి చేయి వెనక్కి తీసుకుంది.

మూత మీద రెండు ఆకులు పక్కపక్కనే ఉన్నాయి, గాలికి ఎగరకుండా వాటి మొదళ్ళ మీద అతను కాలవలోంచి తీసి పెట్టి వెళ్ళిన చిన్న గులకరాయి ఇంకా తడిగానే ఉంది.